నాలుగో చెయ్యి

బిట్రగుంట రైల్వే ఇన్‌స్టిట్యూట్ వరండాలో సాయంత్రం పూట సైకిలు బెల్లు మోగిందంటే, ముక్కలు పట్టుకుని కూర్చున్న నలుగురి కళ్లూ ఒక్కసారే గేటు వైపు తిరిగేవి. వచ్చింది కాల్ బాయ్. చంకలో కాల్ బుక్కు, చెవి మీద పెన్సిలు. ఏ గూడ్సుకి ఎవరు ఎక్కాలో ఆ పుస్తకంలో రాసుంటుంది. పేరున్నవాడు సంతకం పెట్టి, ఇంటికెళ్లి, నాలుగు ముద్దలు తిని, క్యారియరు కట్టించుకుని బండి దగ్గరికి చేరాలి. దానికి రెండు గంటల టైము. ఆట ఎంత రసపట్టులో ఉన్నా సరే, ఆ మనిషి తన ముక్కల్ని బోర్లా పెట్టి లేచిపోయేవాడు. మిగిలిన ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు.

"చెయ్యి తక్కువైంది" అనేవారు హెడ్డు గారు.

ఆ మాట నన్ను యాభై ఏళ్లుగా వెంటాడుతోంది. బ్రిడ్జి అనే ఈ పేకాట నేర్చుకోవాలంటే ఒక్కడే కూర్చుని నేర్చుకోవచ్చు. ఆడాలంటే మాత్రం ఇంకో ముగ్గురు కావాలి. ఆ ముగ్గుర్ని వెతుక్కోవడంలోనే నా ఆట సగం గడిచింది.

నెల్లూరుకీ కావలికీ మధ్య, మద్రాసు లైను మీద ఉంటుంది బిట్రగుంట. ఆవిరి ఇంజన్ల రోజుల్లో అక్కడ పెద్ద లోకో షెడ్డు, యార్డు. ఆరేసిన బట్టల మీద బొగ్గునుసి పడని రోజు లేదు. అటు బెజవాడ నుంచి, ఇటు మద్రాసు నుంచి వచ్చిన గార్డులు, డ్రైవర్లు రన్నింగ్ రూములో పడుకుని తిరుగు బండికి వెళ్లేవారు. మా నాన్న గూడ్సు గార్డు. ఎప్పుడు ఇంట్లో ఉంటాడో, ఎప్పుడు ఉండడో ఆయనకే తెలియదు. ఉన్న రోజున మాత్రం సాయంత్రం ఆరయ్యేసరికి ఇన్‌స్టిట్యూట్ వరండాలో ఉండాల్సిందే.

ఆ మేజా దగ్గర నలుగురు ఖాయంగా కూర్చునేవారు. నాన్న, లోకో షెడ్డులో హెడ్ క్లర్కుగా చేసే హెడ్డు గారు, రైల్వే స్కూలు హిందీ మాస్టారు, మెయిల్ డ్రైవరు. డ్రైవర్ని నేను మామా అనేవాణ్ని. అయిదో వాడు నేను, స్తంభానికి ఆనుకుని నిలబడి.

మా అమ్మకి ఇదంతా గిట్టేది కాదు. వాళ్ల తాత మూడు ముక్కలాటలో రెండెకరాల మాగాణి పోగొట్టాడు. ఆ పొలం గట్టు మీదుగా నడిచి బడికి వెళ్లిన పిల్ల మా అమ్మ. "ధర్మరాజంతటి వాడికే తప్పలేదు" అని వంటింట్లోంచి వినబడేటట్టు అనేది. ఒక ఉగాది నాడు మా ఇంటికి భోజనానికొచ్చిన హెడ్డు గారు అమ్మకి నచ్చజెప్పబోయారు. 1967లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు చెప్పారు. సికింద్రాబాదులో ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నారని పోలీసులు పట్టుకుంటే, రమ్మీ మూడు ముక్కలాటలాగా ఒట్టి అదృష్టం మీద నడిచేది కాదనీ, పడిన ముక్కలు గుర్తుపెట్టుకునే నేర్పు కావాలనీ, అందులో ఉన్న అదృష్టం బ్రిడ్జిలో ముక్కలు పంచేటప్పుడు ఉండేలాంటిదేననీ కోర్టు చెప్పిందట. "చూశావా అమ్మా, రమ్మీ మంచిదని చెప్పడానికి జడ్జీలు మా బ్రిడ్జిని సాక్షిగా తెచ్చుకున్నారు" అన్నారాయన. అమ్మ ఆయన విస్తట్లో ఇంకో బొబ్బట్టు వేసి, "డబ్బు పెట్టి ఆడకండి అన్నయ్యగారూ, అంతే చాలు" అంది. ఆ మేజా మీద ఎన్నడూ పైసా పెట్టలేదు.

బ్రిడ్జి తెలియని వాళ్ల కోసం కాస్త చెప్పాలి. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. 52 ముక్కలూ పంచేస్తే తలా పదమూడు. మొదట వేసిన రంగే అందరూ వేయాలి, అది లేనప్పుడు తురుపుతో కోయొచ్చు, పెద్దముక్క వేసినవాడిది పట్టు. ఇంతవరకూ మనవాళ్లకి కొత్త కాదు. కొత్త ఉన్నదంతా ముందు జరిగే పాటలో. ఎన్ని పట్లు పట్టగలమో, ఏ రంగు తురుపుగా ఉండాలో వేలం పాటలాగా పాడుకుంటూ పోవాలి. కళావరు అన్నింటికన్నా కింద, దాని మీద డైమను, ఆ పైన ఆటీను, ఇస్పేటు, అన్నింటికన్నా పైన తురుపే లేని నో ట్రంప్. ఒకటి నుంచి ఏడు దాకా ఏడు మెట్లు, మెట్టుకి అయిదు. మొత్తం 35 పాటలు. పాస్, డబుల్, రీడబుల్ కలిపితే 38.

ఆ 38 మాటల్లోనే నీ చేతిలో ఏముందో ఎదురుగా కూర్చున్న నీ జోడీకి చెప్పుకోవాలి. కనుబొమ్మ ఎగరేయకూడదు, దగ్గకూడదు, గొంతు పెంచకూడదు. పైగా నీ జోడీకి చెప్పిందంతా శత్రువులు కూడా వింటారు. పాట ముగిశాక ఆడేవాడి జోడీ తన పదమూడు ముక్కలూ బల్ల మీద విప్పి పరిచి, ఇక చేతులు కట్టుకుని కూర్చుంటాడు. అతన్ని డమ్మీ అంటారు. ముక్కలు పరచగానే ఆడేవాడు "థాంక్యూ పార్ట్‌నర్" అనడం మర్యాద. అవి ఎంత పనికిమాలిన ముక్కలైనా సరే అనాలి.

ఈ ఆట ఇప్పటి రూపానికి వచ్చింది 1925లో, పనామా కాలువ దాటుతున్న ఒక ఓడ మీద. హెరాల్డ్ వాండర్‌బిల్ట్ అనే అమెరికా ధనవంతుడు ఆ ప్రయాణంలో కొత్త స్కోరు పద్ధతి తయారుచేసి తోటి ప్రయాణికులతో ఆడించాడు. ఓడ మీద పుట్టినది, మా దగ్గర రైళ్ల మధ్య పెరిగింది.

ఇక సమ్మె సంగతి. 1974 మే 8న దేశమంతా రైల్వే సమ్మె మొదలైంది. ఇరవై రోజులు నడిచింది. నాన్న సమ్మెలో ఉన్నాడు. డ్రైవర్ మామ మూడో రోజునో నాలుగో రోజునో బండి ఎక్కాడు. ఎందుకు ఎక్కాడో పన్నెండేళ్ల నాకు తెలియదు. పెద్దయ్యాక అడిగే ధైర్యం చేయలేదు. ఆయనకి ముగ్గురు ఆడపిల్లలు, మంచాన పడిన తల్లి ఉన్నారని మాత్రం తెలుసు. సమ్మె ముగిశాక కాలనీ రెండుగా చీలింది. సమ్మెలో ఉన్నవాళ్ల సర్వీసుకి తెంపు పడింది, పనిలోకి వెళ్లినవాళ్లకి ఇంక్రిమెంట్లు వచ్చాయి. కొళాయి దగ్గర ఆడవాళ్లు కూడా వేరే వరసల్లో బిందెలు పెట్టుకున్నారు. నాన్నా, డ్రైవర్ మామా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారు.

బ్రిడ్జి మాత్రం ఆగలేదు. నాలుగు నెలలో అయిదు నెలలో మేజా ఖాళీగా ఉంది. తర్వాత ఒకరోజు సాయంత్రం హెడ్డు గారు ఇద్దరికీ వేరే వేరేగా కబురు పంపి, ఇద్దర్నీ రప్పించారు. పేక బల్ల మీద పరిచారు, జోడీల కోసం తలా ఒక ముక్క తీశారు. నాన్నకి, డ్రైవర్ మామకి జోడీ పడింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. "వన్ హార్ట్" అన్నాడు నాన్న. మాస్టారు పాస్ అన్నారు. కాసేపు ఆగి డ్రైవర్ మామ "టూ హార్ట్స్" అన్నాడు.

రెండేళ్లపాటు వాళ్ల మధ్య ఆ 38 మాటలే. అవీ, "థాంక్యూ పార్ట్‌నరూ". అందులో అబద్ధం లేదు. తన చేతిలో పన్నెండు పాయింట్లుంటే పన్నెండే అని చెప్పేవాడు డ్రైవర్ మామ. నాన్న నమ్మేవాడు. దారిలో ఎదురుపడితే మొహం తిప్పుకునే మనిషి, బల్ల దగ్గర తన పదమూడు ముక్కలూ విప్పి నాన్న ముందు పరిచేవాడు.

నాకు ఆట వచ్చింది ఇంటికి నడిచే దారిలో. ఇన్‌స్టిట్యూట్ నుంచి మా క్వార్టరుకి పది నిమిషాలు. "చివరి ఆటలో ఎన్ని డైమన్లు పడ్డాయిరా?" అనేవాడు నాన్న. "ఎనిమిది." "మరి మిగతా అయిదు ఏవి, ఎవరి దగ్గరున్నాయి?" చెప్పలేకపోతే మర్నాడు ఆ ప్రశ్నే మళ్లీ. ఆసుకి నాలుగు, రాజుకి మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి, పేక మొత్తానికి నలభై పాయింట్లు. జోడీ ఇద్దరికీ కలిపి 26 ఉంటే ఇస్పేటులోనో ఆటీనులోనో నాలుగు దాకా పాడొచ్చు, 33 ఉంటే స్లామ్ వైపు, అంటే పదమూడిట్లో పన్నెండు పట్ల వైపు చూడొచ్చు. ఇవన్నీ నాకు ఎక్కాలకన్నా బాగా వచ్చేవి. రాని విద్య ఒక్కటే, పదమూడు దాకా లెక్క తప్పకుండా ఉండటం. ఇప్పటికీ అలిసిపోయిన రాత్రి మూడో రంగు దగ్గర లెక్క జారుతుంది.

1976 ఎండాకాలంలో నేను చేసిన పని ఇప్పుడు రాస్తున్నాను.

నాన్న ఫోర్ స్పేడ్స్ పాడి ఆడుతున్నాడు. డమ్మీ డ్రైవర్ మామ. తురుపులు లాగేశాడు, చేతుల్లో తలా ఆరు ముక్కలు మిగిలాయి. అంతా ఆటీను మీద ఆగింది. డమ్మీలో రాజు, పది, ఇంకో చిన్నది. నాన్న దగ్గర ఆసు, జాకీ, ఇంకో చిన్నది. రాణి లేదు. అది హెడ్డు గారి దగ్గరుంటే ఒక వైపు నుంచి ఆడాలి, మాస్టారి దగ్గరుంటే రెండో వైపు నుంచి. ఎటునుంచైనా పట్టొచ్చు. ఎటో తెలియాలి, అంతే. నాన్న ముక్క మీద వేలు పెట్టి ఆలోచిస్తున్నాడు. గేటు దగ్గర సైకిలు బెల్లు.

మామూలుగా అయితే ముక్కలు కలిపేసేవాళ్లు. ఆ రోజు హెడ్డు గారు ఒప్పుకోలేదు. "ఇంత మంచి ఆట చంపుకోవద్దు" అని, నాలుగు చేతులూ నాలుగు పాత మెమో కాగితాల్లో పొట్లాలు కట్టి, పైన తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అని రాసి, ఇన్‌స్టిట్యూట్ మేజా సొరుగులో పెట్టారు. నాన్న వచ్చేసరికి డ్రైవర్ మామ డ్యూటీకి వెళ్లాడు. ఆయన వచ్చేసరికి మాస్టారు పెళ్లికి నెల్లూరు వెళ్లారు. అలా ఆ పొట్లాలు మూడు రోజులు సొరుగులోనే ఉన్నాయి. తాళం లేని సొరుగు.

రెండో రోజు మధ్యాహ్నం లైబ్రరీ బీరువాలోంచి పిల్లల పత్రిక తీసుకోవడానికి వెళ్లాను. వరండాలో ఎవరూ లేరు. సొరుగు లాగాను. ఒక్క పొట్లం విప్పితే చాలు, రాణి అందులో ఉన్నా తెలుస్తుంది, లేకపోయినా తెలుస్తుంది. విప్పాను. మళ్లీ ఆ మడతల మీదే మడిచి పెట్టేశాను.

మూడో రోజు నాన్న ఆటకి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటుంటే వెనకాలే వెళ్లాను. "నాన్నా, ఆటీను రాణి..." అన్నాను. ఆయన చెయ్యెత్తాడు. నా నోటి మీద పెట్టలేదు. గాలిలో ఎత్తి, గార్డు ఎర్రజెండా చూపించినట్టు అలాగే ఉంచాడు. నేను ఆగిపోయాను. ఆయన ఏమీ అనలేదు. నా భుజం పట్టుకుని ఇన్‌స్టిట్యూట్ దాకా తీసుకెళ్లాడు. ఆ పది నిమిషాలూ ఎన్ని డైమన్లు పడ్డాయని అడగలేదు.

"నువ్వే చెప్పు" అన్నాడు వరండా మెట్ల మీద.

చెప్పాను. సొరుగు తీశాననీ, పొట్లం విప్పాననీ, నాన్నకి చెప్పబోతే ఆపేశాడనీ. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. హెడ్డు గారు, "నువ్వు విన్నది ఏమీ లేదు కదయ్యా, ఆడెయ్యి" అన్నారు నాన్నతో. నాన్న తల అడ్డంగా ఊపాడు. "ఇప్పుడు నేను సరైన వైపు నుంచి ఆడితే, మీకు అనుమానం రాకపోయినా నాకు వస్తుంది" అన్నాడు. పొట్లాలు నాలుగూ విప్పి మిగతా పేకలో కలపడం మొదలుపెట్టాడు.

అప్పుడు డ్రైవర్ మామ మాట్లాడాడు. రెండేళ్లలో బ్రిడ్జి పాట కాకుండా నాన్నతో ఆయన అన్న మొదటి మాట అది.

"పిల్లోడు దాచుకోకుండా చెప్పినాడు గదా గార్డూ. వాణ్ణేమనబాక. పంచు."

నాన్న చేతిలో ముక్కలు ఒక్క క్షణం ఆగాయి. "అట్టాగే" అన్నాడు. పంచాడు.

ఆ రాణి పడమర పొట్లంలో ఉంది, హెడ్డు గారి చేతిలో. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. నాన్న కూడా అడగలేదు. ఎటువైపు నుంచి ఆడి ఉండేవాడో నేనూ అడగలేదు.

ఒక నెలపాటు నేను వరండా ఎక్కలేదు. ఎవరూ వద్దనలేదు, నాకే మొహం చెల్లలేదు. ఆషాఢంలో ఒకరోజు వాన. మాస్టారు జ్వరంతో పడుకున్నారు. డ్రైవర్ మామ గొడుగేసుకుని మా క్వార్టరు దాకా వచ్చి, గడప బయట నిలబడి, "అబ్బయ్యా, చెయ్యి తక్కువైంది. రా" అన్నాడు. అమ్మ నా వైపు చూసింది, ఆయన వైపు చూసింది. తువ్వాలు ఇచ్చి తల తుడుచుకుని వెళ్లమంది. సమ్మె తర్వాత ఆయన మా గడప దగ్గరికి రావడం అదే మొదటిసారి.

1978లో నాన్నకి బెజవాడ బదిలీ అయింది. ఏడాది తిరిగేసరికి నేను వరంగల్ ఆర్ఈసీ ఇంజనీరింగ్ కాలేజీలో చేరాను. హాస్టల్లో నాలుగో చేతికి కరువు లేదు. సగం మంది మన రాష్ట్రం వాళ్లు, సగం మంది బయటి రాష్ట్రాల వాళ్లు. మొదట్లో అందరూ ట్వంటీ ఎయిట్ ఆడేవారు. కలకత్తా నుంచి వచ్చిన నా రూమ్మేటు బ్రిడ్జి తప్ప ఇంకేదీ ముట్టేవాడు కాదు. మొదటి రాత్రి నన్ను కూర్చోబెట్టి, "బయట నాలుగు తురుపులుంటే రెండు రెండుగా పడతాయని అనుకుంటున్నావా?" అన్నాడు. అవునన్నాను. నూటికి నలభై సార్లే అలా పడతాయనీ, దాదాపు యాభై సార్లు మూడు ఒకటిగా పడతాయనీ కాగితం మీద లెక్క కట్టి చూపించాడు. బిట్రగుంటలో అందరూ అనుభవం మీద ఆడేవారు. అనుభవానికి లెక్క కూడా ఉంటుందని నాకు అక్కడే తెలిసింది. ఒక మనిషి చేతికి రాగల పదమూడు ముక్కల కూర్పులు 63,501 కోట్ల పైచిలుకు అని కూడా వాడే చెప్పాడు. ఆ రాత్రి డాబా మీద పడుకుని నక్షత్రాలు చూస్తూ ఆ అంకె గురించే ఆలోచించాను.

మేమిద్దరం ప్రెసిషన్ పద్ధతి నేర్చుకున్నాం. సి.సి. వే అనే చైనా మూలాలున్న అమెరికన్ కనిపెట్టినది. దాంతో ఆడే 1969లో తైవాన్ జట్టు బెర్ముడా బౌల్ ప్రపంచ పోటీల ఫైనల్ దాకా వెళ్లింది. చేతిలో పదహారో అంతకన్నా ఎక్కువో ఉంటే ముందు వన్ క్లబ్ అనాలి, కళావర్లు ఉన్నా లేకపోయినా. మావి ఇంకొన్ని ఒప్పందాలు ఉండేవి. జాకీతో ఆట మొదలుపెడితే ఆ రంగులో అంతకన్నా పెద్దది లేదని. పదితో మొదలుపెడితే పైన ఇంకో బొమ్మ దాగి ఉండొచ్చని. శత్రువులు అడిగితే ఇవన్నీ చెప్పేయాలి. రహస్య ఒప్పందాలు బ్రిడ్జిలో తప్పు. అది నాకు బాగా నచ్చిన నియమం.

ఉద్యోగం హైదరాబాదులో. అక్కడే నాకు నిజంగా చెయ్యి తక్కువైంది. ఆఫీసులో అడిగితే రమ్మీ వచ్చన్నారు. పెళ్లిళ్లకి వెళితే విడిదిలో చతుర్ముఖ పారాయణం జరుగుతూనే ఉండేది, కానీ అది బ్రిడ్జి కాదు. చివరికి ఒక సీనియర్ ఇంజనీరు గారు టోర్నమెంటు ఒకటి ఉందని తీసుకెళ్లారు. అది డూప్లికేట్ బ్రిడ్జి. ఒకసారి పంచిన నాలుగు చేతుల్నీ ఒక పళ్లెంలాంటి బోర్డులో నాలుగు అరల్లో పెట్టి, ఆట అయ్యాక పక్క మేజాకి పంపిస్తారు. హాల్లో ఉన్న అందరూ అవే ముక్కలు ఆడతారు. మంచి ముక్కలు వచ్చాయన్న గొప్పా ఉండదు, రాలేదన్న ఏడుపూ ఉండదు. అదే చేతితో తక్కినవాళ్లకన్నా నువ్వెంత బాగా ఆడావన్నదే లెక్క. బోర్డు అరల మీద తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అని రాసి ఉంది. అది చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు మెమో కాగితాల పొట్లాలు గుర్తొచ్చాయి. కాసేపు పాట పాడలేకపోయాను. నా జోడీ నేను లెక్క వేసుకుంటున్నాననుకున్నారు.

తర్వాత పిల్లలు, బదిలీలు, ఇంటి అప్పు. పదిహేనేళ్లు పేక ముట్టలేదు.

2018లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మొదటిసారి బ్రిడ్జి పెట్టారు. ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ జంటకి బంగారు పతకం. ఒకరికి అరవై ఏళ్లు, ఇంకొకరికి యాభై ఆరు. టీవీలో మెడలో పతకాలతో నవ్వుతున్న ఆ ఇద్దర్నీ చూసి వెంటనే రూమ్మేటు గుర్తొచ్చాడు. పాత మిత్రులందరినీ అడిగి నంబరు సంపాదించి ఫోన్ చేశాను. ముప్పై ఏళ్ల తర్వాత. "మన బెంగాలీలు కొట్టారు చూశావా" అని వాడు ఏడ్చినంత పని చేశాడు.

2020లో లాక్‌డౌన్ వచ్చింది. నేను రిటైరైన ఏడాదే. ఇద్దరం బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్‌లో ఖాతాలు తెరిచాం. వాడు కోల్‌కతాలో, నేను హైదరాబాదులో, ఎదుటి జంట ఎక్కడివాళ్లో తెలియదు. స్క్రీన్ మీద మనిషి కనబడడు, గొంతు వినబడదు. మూడో ఆటలో శత్రువులు త్రీ నో ట్రంప్ పాడారు. వాడు మొదటి ముక్క వేశాడు. కళావరు పది.

హాస్టల్ గది, కరెంటు పోయిన రాత్రి, స్టూలు మీద కొవ్వొత్తి. పది అంటే పైన ఇంకో బొమ్మ ఉండొచ్చు. నాకు పట్టు రాగానే మళ్లీ కళావరే వేశాను. వాడి దగ్గర రాజూ జాకీ ఉన్నాయి. శత్రువులు పాడినదానికి రెండు పట్లు తగ్గాయి. ఆట కింద చిన్న డబ్బాలో వాడు ఒక్క మాట రాశాడు: "గుర్తుంది."

తెర మీద ఆట బాగానే ఉంటుంది. కానీ నాకు బల్ల కావాలి. ముక్కలు కలిపే చప్పుడు కావాలి. లాక్‌డౌన్ తీశాక మా అపార్ట్‌మెంటులో వెతకడం మొదలుపెట్టాను. ఆరో అంతస్తులో బ్యాంకు నుంచి రిటైరైన మేడమ్ గారు ఉన్నారు. ఆవిడ ఉద్యోగం చేసే రోజుల్లో బొంబాయిలో కొంత ఆడారు. ఒక పళ్ల డాక్టరు గారికి ఆసక్తి ఉంది, ఆట రాదు. మూడో అంతస్తులో సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే అమ్మాయి, పాతికేళ్లు కూడా లేవు. పొరపాటున తనకి వచ్చిన మా కొరియరు ఇవ్వడానికి వచ్చి బల్ల మీద పేక చూసి, "ఏం ఆట అంకుల్?" అంది.

కొత్తవాళ్లకి మొదటి రోజే పాట చెప్తే బెదిరిపోతారు. అందుకని మినీ బ్రిడ్జితో మొదలుపెట్టాం. అందులో వేలం ఉండదు. ఎవరి పాయింట్లు వాళ్లు చెప్పేస్తారు, ఎక్కువున్న జట్టు ఆడుతుంది, డమ్మీ ముక్కలు పరుస్తాడు. రెండు నెలలు అదే. ఆ తర్వాత పాట. ఆ అమ్మాయి ముక్కలు లెక్కపెట్టేటప్పుడు పెదవులు కదులుతాయి. నావి కూడా అలాగే కదిలేవని నాన్న అనేవాడు. ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా మా ఇంట్లో ఆట. మా ఆవిడ ఉప్మా చేస్తుంది, కానీ ఆడదు. ఆవిడకి క్యారమ్స్ ఇష్టం.

మొన్న సంక్రాంతికి అటక సర్దుతుంటే నాన్న లైను పెట్టె దొరికింది. ఇనప పెట్టె, మూత మీద తెల్ల రంగుతో ఆయన పేరు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. జెండాలు, విజిలు, అడుగున తాడుతో కట్టిన ఇన్లాండ్ లెటర్ల కట్ట.

అవి డ్రైవర్ మామ రాసినవి. రిటైరయ్యాక ఆయన కావలిలో ఉండేవారు. నాన్నకి రాస్తుండేవారని తెలుసు, ఏం రాసేవారో తెలియదు. ఒక్కో ఉత్తరంలో ఒక్కో బ్రిడ్జి చెయ్యి ఉంది. కింద "నువ్వయితే ఏం వేస్తావు?" అని ఒక వాక్యం. క్షేమ సమాచారాలు లేవు. సమ్మె ఊసు ఎక్కడా లేదు. ప్రతి ఉత్తరం పైన, ముందు ఉత్తరంలో అడిగిన దానికి జవాబు ఉంది. "నువ్వు రాసింది సరే" అని కొన్నిసార్లు, "రాజు ఎవరి దగ్గరుందో ఆలోచించలేదు నువ్వు" అని కొన్నిసార్లు.

చివరిది 1993 నాటిది. ఇస్పేటు జాకీ, పది, ఎనిమిది. ఆటీను ఆసు, ఏడు, మూడు. డైమను తొమ్మిది, అయిదు. కళావరు రాజు, జాకీ, ఆరు, నాలుగు, రెండు. శత్రువుల పాట వన్ నో ట్రంప్, త్రీ నో ట్రంప్. మొదటి ముక్క నీది. నువ్వయితే ఏం వేస్తావు?

దాని కింద ఇంకో ఇన్లాండ్ ఉంది. అడ్రసు రాసి ఉంది, అంటించలేదు, పోస్టు చేయలేదు. డ్రైవర్ మామ పోయిన కబురు ఆ వారంలోనే వచ్చింది. లోపల నాన్న చేతిరాతలో ఒకే ఒక వాక్యం. "కళావరు నాలుగు."

పొడుగు రంగులో పైనుంచి నాలుగో ముక్క. పాతకాలం వాళ్ల పద్ధతి, ఇప్పటికీ మంచి పద్ధతి.

ఆ ఆదివారం ఆట మొదలుపెట్టే ముందు ఆ పదమూడు ముక్కలూ పేకలోంచి ఏరి బల్ల మీద పరిచాను. ఎవరు అడిగారో, ఎవరు జవాబు రాశారో చెప్పలేదు. పాట మాత్రం చెప్పాను. మేడమ్ గారు కళావరు నాలుగు అన్నారు. డాక్టరు గారు కూడా అదే అన్నారు. నేనూ అదే వేసేవాణ్ని.

ఆ అమ్మాయి చాలాసేపు చూసింది. "వాళ్లు ఇస్పేటు, ఆటీను ఊసే ఎత్తలేదు కదా అంకుల్. అంటే అవి వాళ్ల దగ్గర పొడుగ్గా ఉండవు, మన పార్ట్‌నర్ దగ్గరే ఉంటాయి. నేనయితే ఇస్పేటు జాకీ వేస్తాను" అంది.

మిగతా మూడు చేతుల్లో ఏముందో రాసిన ఉత్తరం రాలేదు. లోపలి గదిలోకి వెళ్లి నాన్న ఇన్లాండ్ తెచ్చాను. ఆయన రాసిన దాని కింద పెన్సిలుతో "ఇస్పేటు జాకీ" అని రాసి, మళ్లీ ఆ మడతల మీదే మడిచి, సొరుగులో పెట్టాను. మేడమ్ గారు ముక్కలు పంచడం మొదలుపెట్టారు.